బాలు పాటల మీదే దూరపు ప్రేమ నిలబడుద్దా? కలిసి వినడం మేలా, విడివిడిగా వినడం మేలా?

పెన్నా గట్టు:
ప్రశ్న సూటిగా పెడతుండా. ఇద్దరూ ఎస్పీ బాలు పాటలంటే పడిచచ్చేవాళ్ళు. ఒకరు నెల్లూరులో, ఇంకొకరు డల్లాస్‌లోనో కువైట్‌లోనో. ఇంట్లో పెళ్ళి మాట ఇంకా ఎత్తలేదు, ఏడాదికోసారి చూసుకోడమే గగనం. రోజూ ఫోన్ పెట్టుకోని ఒకే పాట ఒకే టైముకి వింటే బంధం నిలబడతాదని ఒక వాదన. అదంతా కాలక్షేపం, పాట అయిపోతే మాటా అయిపోతాదని రెండోది. నా ఓటు మొదటిదానికి. కాదనేవాళ్ళు ఊరికే కాదనబాకండి. ఎట్టా చెయ్యాల, ఏది యాడ చెడతాదో చెప్పండి.

రికార్డు ముల్లు:
కలిసి వినడం అంటే చాలామంది చేసేది ఒకటే. ఒకరు పాట పెట్టి, దాన్నే కాల్‌లో అవతలివాళ్ళకి వినిపిస్తారు. అక్కడే చెడుతుంది. కాల్ సాఫ్ట్‌వేర్‌ని మనిషి మాట కోసం కట్టారు, మాట కానిదాన్ని గోల కింద లెక్కేసి కోసేస్తుంది. పల్లవి ఓ మాదిరిగా వస్తుంది. ఇంటర్‌లూడ్‌లో వయొలిన్లు మొదలవగానే శబ్దం లోపలికి పోతుంది, కోరస్ తెగితెగి వస్తుంది. బాలు పాటలో ఊపిరి, పంటి కింద నవ్వు, మాట చివర గొంతు సన్నబడటం, ముందు పోయేవి ఇవే. ఇవి పోయాక వినేది ఇంక ఏం మిగిలింది?

అందుకని పాటని కాల్ మీదుగా పంపొద్దు. ఇద్దరి ఫోన్లలోనూ పాట విడిగా డౌన్‌లోడ్ అయి ఉండాలి, కాల్ మాటలకే. మొదలెట్టేముందు నిడివి సెకన్లతో సహా సరిచూసుకోండి. సినిమాలో చరణం ఎగరగొట్టి, రికార్డు మీద పూర్తి పాట ఇవ్వడం మామూలే. ఒకరి దగ్గర 4:10, ఇంకొకరి దగ్గర 4:31 ఉంటే రెండూ ఒకటి కావు. నిడివి అయిదారు సెకన్లే తేడా ఉంటే అది క్యాసెట్ నుంచి ఎక్కించినప్పుడు వచ్చిన వేగం తేడా కావచ్చు. ఒకేసారి మొదలెట్టినా రెండో చరణానికి ఎవరి దారి వాళ్ళదే. ఉచిత యూట్యూబ్ అసలు వద్దు, ప్రకటన ఒకరికి వస్తుంది, ఇంకొకరికి రాదు.

ఒకరు "మూడు, రెండు, ఒకటి" అంటే ఇద్దరూ నొక్కాలి. మాట చేరేసరికి అర సెకను అటూ ఇటూ అవుతుంది, వినడానికి అది అడ్డం కాదు. అడ్డం వచ్చేది స్పీకరు. ఒకరు స్పీకర్లో పెట్టుకుంటే రెండోవాళ్ళకి తమ పాట, దాని వెనకే అవతలి పాట, రెండూ కలిసి వినపడతాయి. ఇద్దరూ ఇయర్‌ఫోన్లే పెట్టుకోవాలి, అవీ వైరువి. బ్లూటూత్‌వి కాల్‌లో మైకు తెరుచుకోగానే కాల్ మోడ్‌కి మారతాయి, పాట మోనో అయి, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దమై, పై స్వరాలు పోతాయి. ఎందుకు పాడైందో తెలియక నెట్‌ని తిట్టేది ఇక్కడే. వైరు లేదంటే పాట అయ్యేదాకా కాల్ కట్ చేసి, టైప్ చేసుకోవడం నయం.

స్పాటిఫైలో జామ్ ఉంది, పాటని అదే జత చేసి నడుపుతుంది. దూరాన ఉన్నవాళ్ళు వాడాలంటే ఇద్దరికీ ప్రీమియం కావాలి. పాత తెలుగు పాటలకి హక్కుల గొడవ ఉంటుంది కాబట్టి ఇక్కడి ఖాతాలో ఉన్నది అక్కడి ఖాతాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఒంగోలు గిత్త:
వైర్లు సరిచేస్తే పాట బాగా ఇనపడుద్ది అన్నా. మనిషి ఇనపడొద్దా?

రాత్రి గంట కాల్ అనుకోండి. పాటకి నాలుగున్నర నిమిషాలు, పది పాటలకి ముప్పావుగంట అయిపాయె. మిగిలిన పావుగంట "ఆ ఆలాపన ఇన్నావా", "అబ్బబ్బ". ఆ పిల్లకి ఆఫీసులో ఏం తలకాయనొప్పి వచ్చిందో, ఇతను కంపెనీ మారతన్నాడో లేదో ఎప్పుడు తెలిసేది? పాట మోగతా ఉంటే మాట్లాడకపోయినా లోటు తెలీదు. నాకు దాంతోనే పేచీ.

ఇంకోటి. అలిగినప్పుడు ఏడుపు పాట స్టేటస్ పెడతారు. అవతలోళ్ళు "మంచి పాట" అని దానికి జోడు ఇంకోటి పంపుతారు. అలక మాత్రం అట్టాగే ఉండిపోద్ది. బాలు గొప్పోడు, కాదన్లా. ఇద్దరూ ఆయన్ని ప్రేమించినంత మాత్రాన ఒకళ్ళనొకళ్ళు ప్రేమించినట్టు కాదు.

కావలి అక్క:
గిత్త తమ్ముడు చెప్పిన జబ్బు నిజమే, అందుకని పాటే మానెయ్యమంటే ఎట్టా? పది పాటలు ఎందుకు, కాల్‌కి ఒకటి చాలు. నేను కలిసి వినడం కూడా వద్దంటా. ఎవరి పాట వాళ్ళు పగలు వీలున్నప్పుడు, పనులన్నీ పక్కన పెట్టి, రెండుసార్లు వినాల. విన్న వెంటనే నిమిషానికి మించకుండా వాయిస్ మెసేజ్ పెట్టాల. రాత్రి కాల్‌లో ఆ రెండు మెసేజ్‌ల మీద పది నిమిషాలు, తర్వాత ఇంటి సంగతులు. వారంలో కనీసం రెండు కాల్స్ పాట ఊసు లేకుండా ఉండాల.

పాట పంపేవాళ్ళు ఊరికే లింకు పడెయ్యకుండా ఒక ప్రశ్న జత చెయ్యాల. బాలు తెర మీద నటుణ్ణి బట్టి గొంతు మార్చేవాడు. ఎన్టీఆర్‌కి ఒక తీరు, కృష్ణకి ఒక తీరు, అల్లు రామలింగయ్యకి ఇంకో తీరు. బొమ్మ చూడకుండా ఇది ఎవరికి పాడాడో చెప్పమనండి. పల్లవి మొదటిసారి అన్నదానికీ చివర అన్నదానికీ ఏం మార్చాడో అడగండి. జవాబు చెప్పాలంటే విని తీరాల, దొంగ అభిమానం అయితే రెండో వారానికే బయటపడతాది.

వరస కూడా ముఖ్యం. మొదటి నెల్లోనే పేరుమోసిన పాటలన్నీ తినేస్తే తర్వాత వెతుక్కోవాల. 1966 డిసెంబర్ 15న కోదండపాణి దగ్గర పాడిన తొలి పాట నుంచి మొదలెట్టి సంగీత దర్శకుల వారీగా పోండి. సత్యం, చక్రవర్తి, రమేష్ నాయుడు, రాజన్-నాగేంద్ర, మహదేవన్, ఇళయరాజా, ఒక్కొక్కరికి నెల. ఎంచుకునే వంతు వారానికొకరిది. తెలుగు అయిపోయిందనిపిస్తే తమిళం, కన్నడం ఉండనే ఉండాయి.

అలక సంగతికి ఒకటే కట్టుబాటు పెట్టుకోండి: గొడవకి పాట జవాబు కాదు. ముందు నోటితో చెప్పాల, పాట తెల్లారినాకే.

పెన్నా గట్టు:
అక్కా, విడివిడిగా విని మెసేజ్ పెట్టడం పాఠం చదివి పరీక్ష రాసినట్టు ఉంటాది. ఒకే చరణం కాడ ఇద్దరికీ ఒకేసారి ఒళ్ళు జలదరిస్తాది చూడు, దానికి ప్రశ్నా జవాబూ ఏంది? పక్కన మనిషి లేనప్పుడు ఆ మాత్రం కలిసి ఉండటమే గొప్ప.

కావలి అక్క:
అది వారానికోసారైతే పండగ, రోజూ అయితే హాజరు పట్టీ. ఒకరోజు కుదరకపోతే "నువ్వు రాలేదు" అని మొదలవతాది.

చీమకుర్తి రాయి:
హాజరు అన్నారు కాబట్టి గడియారం లెక్క చూద్దాం, సగం గొడవలు దాంతోనే. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. నెల్లూరులో పొద్దున 6:30కి వేసవిలో అక్కడ ముందురోజు రాత్రి 8, శీతాకాలంలో 7. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుస్తారు, ఇక్కడ మార్చం. నవంబర్‌లో అక్కడోళ్ళు 8కే పట్టుబడితే ఇక్కడ 7:30 అవుద్ది, అది స్నానం, క్యారేజీ, బస్సు టైము. "ఈ మధ్య నీకు నా మీద శ్రద్ధ లేదు" అన్న మాట నవంబర్ రెండో వారంలో వస్తే ముందు క్యాలెండర్ చూడండి.

కువైట్ అయితే రెండున్నర గంటలే వెనక. తేలికనిపిస్తది కానీ అక్కడ రాత్రి 9 అంటే ఇక్కడ 11:30. సెలవులు వాళ్ళకి శుక్ర, శనివారాలు, ఇక్కడ చాలామందికి ఆదివారం ఒక్కటే. శనివారం కూడా సెలవుంటేనే ఒకరోజు కలుస్తది. దుబాయ్ గంటన్నరే తేడా, అక్కడ వాట్సాప్ కాల్స్ మామూలుగా పనిచెయ్యవు, అనుమతి ఉన్న బోటిమ్ లాంటివి వాడాల. వాయిస్ మెసేజ్ మాత్రం యథావిధిగా పోద్ది. గల్ఫ్ వరకు నా ఓటు అక్కకే.

మైపాడు అల:
వినడం సరే, కలిసి పాడితే? జానకి భాగం ఆమె, బాలు భాగం అతను.

రికార్డు ముల్లు:
లైవ్‌లో కుదరదు, నెట్ ఎంత మంచిదైనా. ఇద్దరు తాళం తప్పకుండా పాడాలంటే ఆలస్యం సుమారు 30 మిల్లీసెకన్లు దాటకూడదు. నెల్లూరు నుంచి డల్లాస్ దాదాపు 15,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే తిన్నగా తీగ లాగినా ఒకవైపుకే 75 మిల్లీసెకన్లు. అసలు తీగ తిన్నగా ఉండదు, దానికి ఫోన్ లోపలి పని ఇంకా కలుస్తుంది. కువైట్ దగ్గరే కదా అనుకున్నా ఫోన్ల ఆలస్యంతోనే గీత దాటిపోతుంది. ట్రాక్ పెట్టుకున్నవాళ్ళకి అవతలి గొంతు ఎప్పుడూ వెనకబడే వినపడుతుంది. వాళ్ళు ఆగి అందుకోబోతారు, అవతలివాళ్ళు ఇంకా ఆగుతారు, నాలుగు లైన్లలో పాట ఈడిగిలబడుతుంది. తాళం, ట్రాక్ లేకుండా శ్లోకంలా లైను తర్వాత లైను వంతులేసుకుంటే మాత్రం పర్వాలేదు.

యుగళగీతం సరిగ్గా రావాలంటే ఒకరి మీద ఒకరు రికార్డు చేయాలి. స్మూల్ అనే పాటల యాప్‌ది ఇదే పద్ధతి, ఒకరు తమ భాగం పాడి వదిలితే రెండోవాళ్ళు దాని మీద పాడతారు. సొంతంగా చేసుకోవాలంటే: కరోకే ట్రాక్ ఫైల్ ఇద్దరికీ ఒకటే ఉండాలి, శ్రుతి ముందే తేల్చుకోవాలి. బాలు పై స్థాయి అందక మొగవాళ్ళు ఒక మెట్టు దించుతారు, అప్పుడు ఆమెకి కింద అందదు. అర మెట్టు దగ్గర రాజీ పడండి. ట్రాక్‌ని ఇయర్‌ఫోన్‌లో వింటూ గొంతు ఒక్కటే రికార్డు చేయాలి. ఫ్యాను ఆపి, మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి. ఎదురుగా పెడితే ప, బ అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. ట్రాక్ మొదటి బీట్ మీద ఒక చప్పట కొట్టండి, తర్వాత ఆడాసిటీ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు గొంతులూ ఆ చప్పట పట్టుకుని జరుపుకోవచ్చు. పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా కాదు, డాక్యుమెంట్‌గా. మోనో వేవ్ ఫైల్ నిమిషానికి 5 ఎంబీ, నాలుగున్నర నిమిషాల పాట 23 ఎంబీ లోపే.

బ్లూటూత్ పెట్టుకుని పాడితే గొంతు మొత్తం వెనకబడుతుంది, మళ్ళీ అదే చెబుతున్నా.

ఒంగోలు గిత్త:
ఇది నాకు నచ్చింది. ఒక పాటకి శ్రుతి మీద తగువు, రాజీ, నాలుగు రోజుల పని. ఇద్దరు మనుషులు కలిసి ఏం చెయ్యగలరో దీంట్లో తెలిసిపోద్ది. ఊరికే ఇనడంలో తెలీదు.

నాయుడుపేట జంక్షన్:
ఎవరూ ఎత్తని మాట ఒకటి. అభిమానుల గ్రూపులో పరిచయమై ఇంకా చూసుకోని వాళ్ళు జాగ్రత్త. పాట పుట్టిన కథలు కాపీ కొట్టడం తేలిక. అక్కడికక్కడ వీడియో కాల్‌లో రెండు లైన్లు పాడమనండి, గొంతు బాగుండక్కర్లేదు. ప్రతిసారీ కెమెరా చెడిపోయిందంటే ఆగిపోండి. "నీకు పంపిన గిఫ్టు కస్టమ్స్‌లో ఆగింది, డబ్బు కట్టు" అన్నారంటే అది మోసమే. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాల, ఎంత తొందరగా చేస్తే అంత ఆశ.

మైపాడు అల:
దూరం అంటే అందరికీ మరోచరిత్రే గుర్తొస్తాది. 1978లో ఆ సినిమా వచ్చింది, పాటలు రాసిన ఆత్రేయ మన సూళ్ళూరుపేట పక్క మంగళంపాడు ఆయనే. హీరో పేరే బాలు. ఏడాది పాటు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదని పెద్దలు షరతు పెడతారు. ఎడబాటులో ప్రేమ నిలబడింది కదా?

ఒంగోలు గిత్త:
నిలబడింది. చివర్లో ఇద్దరూ ఏమయ్యారో కూడా చెప్పు. వాళ్ళిద్దరి భాష కూడా ఒకటి కాదు, ఇంట్లోవాళ్ళ ఒప్పుకోలూ లేదు. వాళ్ళని చంపింది దూరం కాదు, అట్టాగని నిలబెట్టింది పాటా కాదు. సినిమాని సాక్ష్యం కింద తేబాకండి.

పెన్నా గట్టు:
సరే, ఒకవేళ వాళ్ళు కలిస్తే? నెల్లూరు తిప్పరాజువారి వీధిలో బాలు ఇల్లు చూపిద్దామని చాలామంది అనుకుంటారు.

నాయుడుపేట జంక్షన్:
అది మ్యూజియం కాదు. 2020 ఫిబ్రవరిలో బాలుగారే ఆ ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. బయటినుంచి దణ్ణం పెట్టుకోని రండి, పిల్లలు చదువుకునే చోట ఫోన్లో పాటలు పెట్టబాకండి. సమాధి తిరువళ్ళూరు జిల్లా తామరైపాక్కంలో, నెల్లూరులో కాదు.

ఒంగోలు గిత్త:
నా పరీక్ష ఒకటుంది, ఎవరైనా చేసి చూడండి. ఒక వారం పాట పూర్తిగా ఆపెయ్యండి. వినడం, పంపడం, స్టేటస్, ఏదీ వద్దు. రోజూ అదే టైముకి కాల్ మాత్రం చెయ్యండి. మూడో రోజుకి మాటలు అయిపోతే బంధం పాటదే, వాళ్ళది కాదు.

కావలి అక్క:
చెయ్యొచ్చు తమ్ముడూ, ఇద్దరికీ ముందే చెప్పి చెయ్యాల. ఒకరే మనసులో పెట్టుకోని ఆపితే అది పరీక్ష కాదు, అలక. మూడో రోజు మాటల్లేవని తీర్పు చెప్పేయబాక, ఒకే ఇంట్లో ఉన్న మొగుడూ పెళ్ళాలకి కూడా ఒక్కోరోజు మాటలుండవు. వారం నిండనీ. జూన్ 4, సెప్టెంబర్ 25 పడే వారాలు మాత్రం పెట్టుకోవద్దు. ఆయన జయంతికీ వర్ధంతికీ ఫోన్ తెరిస్తే బాలే, వీళ్ళు ఆపినా ఊరు ఆపదు.