మహబూబ్‌నగర్‌లో అర్ధరాత్రి స్లీపర్ ఎక్కాలి, అమ్మ కూడా ఉంది. లోపల ఎట్లా ఉంటుంది?

పాలమూరు పిల్ల:
నమస్తే అందరికీ. నేను, మా అమ్మ బెంగళూరులో మా అక్క దగ్గరికి పోతున్నాం, డెలివరీ డేటు దగ్గర పడింది. మేము ఎప్పుడూ బస్సుకే పోతాం, రైలంటే పగటి పూట కాచిగూడ దాకా పోయి రావడమే, రాత్రి బెర్త్ మీద పడుకుని పోయింది లేదు. ఈసారి అమ్మకు మోకాళ్ళ నొప్పి, రాత్రంతా బస్సులో కాళ్ళు ముడుచుకుని కూర్చోలేదని ఇవాళ పొద్దున 11 గంటలకు తత్కాల్‌లో ట్రై చేస్తే ఎట్లాగో దొరికింది. ఎస్5లో 34, 37. టికెట్ మీద మన స్టేషన్ టైము 00:25, తేదీ 14 అని ఉంది, అంటే ఎల్లుండి రాత్రి. అప్పటికి అందరూ లైట్లు ఆర్పేసి పడుకుని ఉంటారు కదా, చీకట్లో సీటు ఎట్లా వెతుక్కోవాలి? మా సీట్లో ఇంకెవరైనా పడుకుని ఉంటే లేపొచ్చా? టీసీ వచ్చేదాకా మేలుకొని ఉండాలా? ఒక సూట్‌కేసు, రెండు సంచులు ఉన్నాయి, అక్కకు పచ్చళ్ళు కూడా. అమ్మ ఇప్పటి నుంచే టెన్షన్ పడుతోంది, నాకు కూడా లోపల భయంగానే ఉంది. తెలిసినవాళ్ళు జర చెప్పండి.

జడ్చర్ల అన్న:
మిగతావన్నీ తర్వాత, ముందు తేదీ చూడు చెల్లెమ్మా. 14వ తేదీ 00:25 అంటే 13 రాత్రి పన్నెండు దాటాక పావుగంట, పది నిమిషాలు. మీ బండి ఎల్లుండి కాదు, రేపు రాత్రే. రేపు అన్నం తిని పది, పదకొండు గంటలకు ఇంట్లోంచి బయల్దేరాలి. అనుమానం ఉంటే ఇంకో లెక్క చెప్తా, తత్కాల్ అనేది బండి మొదటి స్టేషన్‌లో బయల్దేరే రోజుకు ఒక్క రోజు ముందే తెరుస్తారు. ఇవాళ దొరికిందంటే బండి రేపు బయల్దేరుతుంది. ఫోన్‌లో బండి ఎక్కడుందో చూసేటప్పుడు కూడా 13వ తేదీ బండినే చూడు, లేకపోతే వేరే రోజు బండి చూసి ఇంకా టైముంది అనుకుంటావు. అర్ధరాత్రి బండ్లతో ఎంతమంది ఇట్లా ఒక రోజు లేటుగా స్టేషన్‌కు వస్తారో.

పాలమూరు పిల్ల:
అమ్మో! అన్నా, మీరు చెప్పకపోతే మా పని అయిపోయేది. అమ్మ ఇప్పుడే బట్టలు సర్దుతోంది.

రాత్రి బండి:
నా లెక్కలో లోపల గొడవ తక్కువే ఉంటుంది, అసలు పని ప్లాట్‌ఫామ్ మీద ఉంది. మన స్టేషన్‌లో బండి ఎక్కువసేపు ఆగదు, ఎస్5 ఒక చివర ఉండి మీరు ఇంకో చివర నిలబడితే మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని, సూట్‌కేసును పట్టుకుని ఉరకాలి. కోచ్ డిస్‌ప్లే వెలుగుతుంటే మంచిదే, లేకపోతే యాప్‌లో డబ్బాల వరస చూసుకోండి, దాన్ని కూడా పూర్తిగా నమ్మకుండా అక్కడ టీ అమ్మేవాళ్ళను అడగండి, వాళ్ళకు రోజూ వచ్చే బండే. ఒకవేళ తప్పిపోతే పక్కన ఏ స్లీపర్ డబ్బా దొరికితే అది ఎక్కేయండి, లోపలి నుంచి నడిచి పోవచ్చు. జనరల్ డబ్బా మాత్రం ఎక్కొద్దు, అక్కడి నుంచి ఇటు దారి ఉండకపోవచ్చు. రాత్రి పూట తలుపు లోపల గొళ్ళెం పెట్టుకుని దాని పక్కనే ఎవరో ఒకరు పడుకుంటారు, గట్టిగా కొట్టండి, మొహమాటం వద్దు. ఆ తలుపు తీయకపోతే అదే డబ్బాకు రెండో తలుపు ఉంటుంది.

మీ నంబర్లు ఒక రకంగా అదృష్టమే. ఎనిమిదేసి బెర్తులు ఒక గది లెక్క, 33 నుంచి 40 దాకా అయిదో గది, దాదాపు డబ్బా నడుమ. ఏ తలుపులో ఎక్కినా దూరం దాదాపు ఒకటే. లోపల నీలం రంగు చిన్న లైటు ఉంటుంది, ఫోన్ టార్చ్ నేల వైపు పట్టుకుని నడవండి, మొహాల మీద కొట్టకండి. నడిచే దారిలో చెప్పులు, కాళ్ళు, సంచులు అన్నీ ఉంటాయి. మీ బెర్త్‌లో ఎవరైనా ఉంటే మొదట డబ్బా ఎస్5 అవునా కాదా చూసుకుని తర్వాత పిలవండి, దుప్పటి లాగొద్దు. "అన్నా, 34 మాది, పాలమూరులో ఎక్కినం" అంటే నూటికి తొంభై మంది లేచి పోతారు. మిగతా పదిమందికి టీసీ ఉన్నాడు, టీసీ కనపడకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి టికెట్ మీది పీఎన్‌ఆర్ నంబరు చెప్పండి.

ఇక టీసీ సంగతి. రాత్రి పది తర్వాత టికెట్ చూడకూడదు అనే మాట ముందే ఎక్కి పడుకున్నవాళ్ళకు. రాత్రి పది దాటాక ఎక్కినవాళ్ళను చూస్తాడు, చూడాలి కూడా. టికెట్ మెసేజ్, ఒరిజినల్ ఆధార్ చేతికి అందేటట్టు పెట్టుకుని హాయిగా పడుకోండి, వస్తే ఆయనే లేపుతాడు. కానీ వేరే డబ్బాలో కూర్చుని కబుర్లు చెప్తూ మీ సీటుకు పోకపోతే రాలేదనుకుని ఆర్ఏసీ వాళ్ళకు, అంటే పూర్తి బెర్త్ కోసం ఎదురుచూసేవాళ్ళకు, ఇచ్చేస్తారు, అది గుర్తుంచుకోండి.

కాచిగూడ కోడలు:
పైన అన్నీ బాగా చెప్పారు గానీ ఒకటి వదిలేశారు. 34, 37 రెండూ మిడిల్ బెర్తులు. మోకాళ్ళ నొప్పి అన్నావు కదమ్మా, ఆమెకు ఎక్కడం కష్టం. మిడిల్‌లో తల పైకెత్తి కూర్చోలేరు, చివరన ఉన్న మెట్టు మీద కాలు పెట్టి, ముందు నడుము లోపలికి జరిపి, తర్వాత కాళ్ళు లాక్కోవాలి. కింద 33లోనో 36లోనో వయసు పిల్లలు ఉంటే అడుగు, చాలామంది ఇస్తారు.

జడ్చర్ల అన్న:
వదినా, రాత్రి పన్నెండున్నరకు గాఢనిద్రలో ఉన్నవాడిని లేపి సీటు మార్చుకుంటావా అంటే ఎవడిస్తాడు? మన సీట్లో పడుకున్నవాడిని లేపడం వేరు, వాడి సీట్లో వాడు పడుకుంటే లేపడం వేరు. టీసీ వచ్చినప్పుడు అమ్మ సంగతి చెప్పి కింద ఏదైనా ఖాళీ ఉందా అని అడగడం మేలు. ఆయన చేతి మెషీన్‌లో ఎక్కడ ఎవరు రాలేదో తెలుస్తుంది.

కాచిగూడ కోడలు:
మేలుకొని ఉంటే అడగమంటున్నా, లేపమనలేదు. ఇంకోటి, తిరిగి వచ్చేటప్పుడు తత్కాల్ దాకా ఆగొద్దు. 45 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు లోయర్ బెర్త్ కోటా ఉంది, సీనియర్ సిటిజన్ కోటాతో కలిపి చూపిస్తుంది, తత్కాల్‌లో అది పనిచేయదు. అయితే నీ పేరు కూడా అదే టికెట్‌లో పెడితే ఆ కోటా రాదు, అమ్మకు విడిగా తీయాలి. అప్పుడు మీ ఇద్దరి సీట్లు దూరం పడతాయేమో, అది మీరే ఆలోచించుకోండి.

రాత్రి బండి:
మిడిల్ అన్నారు కాబట్టి ఇంకో మాట, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మీరు ఎక్కేసరికి ఆ బెర్త్ కిందికి వాలి ఉండొచ్చు, ఎవరూ లేరు కాబట్టి ఎత్తరు. కింద మనిషి పడుకుని ఉన్నా సరే, ఒక మాట చెప్పి ఎత్తుకోవచ్చు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అది మీ హక్కు. పైకి ఎత్తి రెండు వైపులా గొలుసు కొక్కేలు తగిలించి, ఎక్కే ముందు చేత్తో గట్టిగా కిందికి లాగి చూడండి. చీకట్లో ఒక కొక్కెం సగమే పడుతుంది, చూస్తే పడినట్టే ఉంటుంది. 2024 జూన్‌లో కేరళ నుంచి ఢిల్లీ పోయే బండిలో, మన తెలంగాణలోనే, పై బెర్త్ మీద పడి కింద పడుకున్న ఒకాయన చనిపోయాడు. బెర్త్ పాడైపోలేదు, గొలుసు సరిగా తగిలించలేదు అని రైల్వే చెప్పింది.

సామాన్ల గురించి ఎవరూ చెప్పలేదు. కింద సీటు అడుగున అప్పటికే వేరేవాళ్ళ పెట్టెలు ఉంటాయి, కొంచెం జరిపి సూట్‌కేసు తోసేయండి, అక్కడ కడ్డీకి కట్టుకోవడానికి చిన్న గొలుసు, తాళం తీసుకెళ్ళండి. డబ్బులు, ఫోన్ ఉన్న సంచి తల కింద. పచ్చళ్ళ డబ్బా మాత్రం నిలువుగా పెట్టండి, కారితే బోగీలో అందరూ తిడతారు. చార్జింగ్ నింపుకుని ఎక్కండి, 11 నుంచి 5 దాకా ప్లగ్గుల్లో కరెంటు ఆపాలని రూలు ఉంది. స్లీపర్‌లో దుప్పట్లు ఇవ్వరు, చలి కాలం, అమ్మకు శాలువా, చెవులకు ఏదన్నా కట్టుకోవడానికి పెట్టండి.

పాలమూరు పిల్ల:
చాలా థ్యాంక్స్ అందరికీ. గొలుసు, తాళం ఇవాళే క్లాక్ టవర్ దగ్గర తీసుకుంటాం. చివరిది ఒకటి, పొద్దున దిగాల్సిన స్టేషన్ దాటిపోతే? అక్క ఉండేది హెబ్బాళ్ వైపు.

జడ్చర్ల అన్న:
టికెట్ ఎక్కడిదాకా ఉందో చూడు. హెబ్బాళ్ అయితే యలహంక దగ్గర, బండి అక్కడ ఆగుతుందా లేదా చూసుకో, ఆగితే మెజెస్టిక్‌లోని మెయిన్ స్టేషన్ దాకా పోయి వెనక్కి రావాల్సిన పని లేదు. హిందూపురం దాటాక లేచి కూర్చుంటే చాలు. బావకు ఎస్5 అని ముందే చెప్పి ఉంచు, స్టేషన్‌లో డబ్బా దగ్గరికే వస్తాడు.