కాలేజీ వద్దన్న షార్లట్ యంగ్ ఉత్తరం: తప్పుపట్టాలా, వద్దా?

నీలిసిరా:
1868లో ఎమిలీ డేవీస్ ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల కోసం యూనివర్సిటీ స్థాయి కాలేజీ పెట్టాలని పూనుకుని, పేరున్న వాళ్లకు మద్దతు కోరుతూ ఉత్తరాలు రాశారు. నవలా రచయిత్రి షార్లట్ యంగ్ ఒప్పుకోలేదు. ఆడపిల్లల్ని పెద్ద సంఖ్యలో ఒకచోట చేర్చడం తనకు ఇష్టం లేదని, వివేకం గల తండ్రుల ప్రోత్సాహంతో ఇంట్లో సాగే చదువే మేలని జవాబిచ్చారు. యంగ్‌కు లాటిన్, గ్రీకు, లెక్కలు నేర్పింది వాళ్ల నాన్నే. అలాంటి నాన్న లేని పిల్ల ఏం చేయాలి? ఆ ఉత్తరం చదివితే నాకు కోపమే వస్తుంది.

పాతపుస్తకం:
కోపం అర్థమైంది కానీ, తీర్పు తొందరపాటు అండి. యంగ్ 1851 నుంచే అమ్మాయిల కోసం ‘మంత్లీ ప్యాకెట్’ పత్రిక నడిపారు. డేవీస్ కాలేజీ 1869లో హిచిన్ అనే ఊళ్లో మొదలైనప్పుడు చేరింది ఐదుగురే. ఇంటి గడప దాటలేని పిల్లల దగ్గరికి చదువును తీసుకెళ్లింది ఆ పత్రికే కదా? మరోవైపు ఆ కాలేజీకి విరాళమిచ్చిన నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్‌ని అందరూ మెచ్చుకుంటారు. ఆవిడ ఇచ్చింది 50 పౌండ్లు, అదీ ‘రొమోలా’ రచయిత్రి పేరిట. ఆ ఒక్క నవలకే ఆవిడకు 7,000 పౌండ్లు ముట్టాయి!

నీలిసిరా:
ఎలియట్ అప్పట్లో పెళ్లి కాకుండా రచయిత లూయిస్‌తో కలిసి ఉంటున్నారు. కాలేజీకి చిన్న మచ్చ వచ్చినా డేవీస్ పని చెడిపోయే రోజులవి. ఎలియట్ వెనక ఉండటమే కాలేజీకి మంచిదైంది. డబ్బు తక్కువే, ఒప్పుకుంటాను. అయినా అది ‘సరే’ అన్న మాట.

యంగ్ విషయానికొస్తే, ఆవిడ 1856 నవల ‘డైసీ చైన్’ చూడండి. అందులో ఎథెల్ అనే అమ్మాయి తన అన్న నార్మన్‌తో సమానంగా గ్రీకు చదువుతుంది. చివరికి ఇంటి పనుల కోసం ఆ చదువు మానుకోవాల్సి వస్తుంది. నార్మన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్తాడు. ఎథెల్ తండ్రి డాక్టరు, మంచివాడు, చదువుకున్నవాడు. అలాంటి ఇంట్లోనే ముందు ఆగింది ఆడపిల్ల చదువని అంత బాగా రాసిన మనిషి, పన్నెండేళ్ల తర్వాత ఇల్లే చాలని ఎలా అన్నారు?

చెరువుగట్టు:
ఇద్దరూ అసలు అడ్డును వదిలేశారు. 1897లో ఆడవాళ్లకు డిగ్రీ పట్టాలు ఇవ్వాలా అని, డేవీస్ కాలేజీ తర్వాత చేరిన కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఓటు పెడితే 1,700 మందికి పైగా వద్దన్నారు, దాదాపు 660 మందే సరేనన్నారు. పూర్తి డిగ్రీలు వచ్చింది 1948లో. అక్కడ ఓటేసింది మగవాళ్లే. నెపమంతా యంగ్ మీద వేయకండి.

నీలిసిరా:
నెపమంతా వేయడం లేదండి. ఆ మగవాళ్లకు ఓటుంది, యంగ్‌కు లేదు. ఆవిడకున్నది పాఠకుల్లో పలుకుబడి. ఇంట్లోనే చదువుకోవాలనుకునే పిల్లలకు పత్రిక నడపడం గొప్ప పనే. బయటికెళ్లి చదువుకుంటామన్న పిల్లల కోసం డేవీస్ అడిగింది ఆ పలుకుబడిలో కొంత వాటా. పత్రికను చూపించి ఆ నిరాకరణను మాఫీ చేయలేను.