మాంసి కాచిన నీళ్ళా, కాచని నీళ్ళా?

తెనాలి మనవరాలు:
అందరికీ నమస్కారం. ఒక అక్షరం దగ్గర ఇరుక్కుపోయాను, సాయం చేయండి. రాత్రిళ్ళు టీ మానేద్దామని మొన్న కెఫీన్ లేని బెడ్‌టైమ్ టీ ప్యాకెట్ ఒకటి కొన్నాను. చామంతి, నిమ్మగడ్డి, అతిమధురం, తగర అని రాసి ఉంది. కప్పులో సంచీ వేసి వేడినీళ్ళు పోయగానే తడిమట్టీ పాత బీరువా కలిసినట్టు ఒక వాసన లేచింది. ఒక్కసారిగా మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఆవిడ తలనూనెలోకి తెచ్చిన జటామాంసిలో కొంచెం దాచి, నిద్ర పట్టనివాళ్ళకి నీళ్ళలో వేసి ఇచ్చేది. ఇస్తూ ఒక మాట అనేది: “మాంసి కాచిన నీళ్ళు మాపెల్ల కాచు.” మాపెల్ల అంటే రాత్రంతా అని. మా తమ్ముడేమో “కాచిన కాదు, కాచని” అంటున్నాడు. గిన్నె మూత తీసినప్పటి వాసన నాకు బాగా గుర్తుంది. గిన్నె పొయ్యి మీద ఉందా, దించి అరుగు మీద పెట్టిందా అన్నది మాత్రం గుర్తు రావడం లేదు. ఈ మాట ఇంకెవరైనా విన్నారా?

బందరు మాస్టారు:
వినలేదమ్మా. కానీ ఇది వట్టి మాట కాదు, తేటగీతి పాదం. మాంసి, కాచిన, నీళ్ళు మా, పెల్ల, కాచు. సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, చక్కగా కుదిరాయి. యతి ఒక్కటే తప్పింది. నాలుగో గణం మొదట “మా” పడాల్సిన చోట “పె” పడింది. మూలం “మాంసి కాచిన నీరము మాపు గాచు” అయి ఉండాలని నా నమ్మకం. మీ అక్షరం సంగతికి వస్తే, కాచిన అన్నా కాచని అన్నా భగణమే. ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

కరీంనగర్ వాసి:
మాస్టారూ, వంటింట్లో “నీరము” అని ఎవరంటారండీ? సామెతకి యతి అక్కర్లేదు. మాంసి, మాపు రెండూ మకారమే, చెవికి అది చాలు. మా దగ్గరైతే కాచడం అనే మాటే తక్కువ, నీళ్ళు మసలబెడతాం. అందుకే అది “కాగిన నీళ్ళు” కూడా అయి ఉండొచ్చు. కాగిన కూడా భగణమే కదా. దాలిలో కాగిన పాలు అంటాం, దాలిలో కాచిన పాలు అంటే ఎబ్బెట్టుగా లేదూ?

నిఘంటువుల నేస్తం:
కాగిన అయితే అసలు చమత్కారమే పోతుంది. ఆ మాటలో అందమంతా రెండు కాచుల్లో ఉంది. మొదటిది అరసున్న ఉన్న కాఁచు, అంటే వేడిచేయడం. కాఁగు, కాఁక దాని చుట్టాలు. రెండోది అరసున్న లేని కాచు, అంటే రక్షించడం. పాత రాతలో “మాంసి కాఁచిన నీళ్ళు మాపెల్ల కాచు” అని రాసి ఉంటే చూడగానే తేలిపోయేది. అరసున్న పలకడం మానేశాక ఇద్దరూ కవలలైపోయారు. మూడో కాచు కూడా ఉంది, తాంబూలంలో వేసుకునేది. అది చండ్ర చేవని గంటల తరబడి కాచి తీసినదే. కాబట్టి కాచిన కాచు వేరు, నీళ్ళు కాచిన కాచు వేరు, కాపు కాచిన కాచు వేరు.

ఆయుర్వేద విద్యార్థిని:
మీ తమ్ముడి పక్షాన ఒక మాట చెప్తానండీ. కషాయాలు ఐదు రకాలు: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. మనం కషాయం అనేది నిజానికి క్వాథం. పాత వైద్యగ్రంథం రాసిన శార్‌ఙ్గధరుడి లెక్కలో ఒక వంతు మందుకి 16 వంతుల నీళ్ళు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాయాలి. ఫాంటం అలా కాదు. మరిగిన నీళ్ళు దించి, మందు వేసి, మూతపెట్టి, వడగట్టడమే. ఇప్పుడు హెర్బల్ టీ అని అమ్ముతున్నవన్నీ ఫాంటాలే. మాంసి వాసనంతా ఆవిరై పోయే నూనెలో ఉంది. మూత లేకుండా కాస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో చేదు మిగులుతుంది. అందుకే “కాచని” అంటే అర్థం కుదురుతుంది: మాంసిని నీళ్ళతో పాటు కాయొద్దు, కాగిన నీళ్ళలో వేయి.

ఆ వాసనకి అమ్మమ్మ గుర్తుకు రావడంలో వింత లేదు. నిద్రకి వాడే తగర, మాంసి ఒకే కుటుంబం మొక్కలు, రెండూ హిమాలయాల వైపువే. కొనేటప్పుడు మాత్రం గ్రంథితగరం అని అడగండి. హిందీ వాళ్ళు నందివర్ధనాన్ని తగర్ అంటారు, మనకేమో తగరం అంటే లోహం. ఇంకొకటి, అతిమధురం రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఆ ప్యాకెట్ జోలికి వెళ్ళకపోవడం మంచిది.

నిఘంటువుల నేస్తం:
కషాయం అసలు ఒక రుచి పేరు, మన వగరు. భావప్రకాశం అనే వైద్యగ్రంథంలో మాంసిని వర్ణించేటప్పుడు “తిక్తా కషాయా చ” అన్నది ఆ అర్థంలోనే. ఆ వగరు మొక్కల్ని కాస్తే వచ్చిన నీళ్ళకీ అదే పేరు వచ్చింది. ఆ నీళ్ళలో ముంచితే బట్టకి పట్టే ఎర్రమట్టి రంగు కాషాయం అయింది. రుచి, మందు, రంగు, మూడూ ఒకే గిన్నెలోంచి వచ్చాయి.

డల్లాస్ నుంచి:
ఇక్కడ దుకాణాల్లో ఇలాంటి పెట్టెలు అరలకి అరలు ఉంటాయి. నా బాధ వేరు. వీటిని తెలుగులో ఏమనాలి? తేనీరు అనలేం, తేయాకే లేదు. కషాయం అంటే మా పిల్లలకి జ్వరం గుర్తొస్తుంది. చామంతి టీ అన్నా తప్పే. ఇక్కడి కామొమైల్ మన పూలజడ చామంతి కాదు, చైనావాళ్ళు కాచుకునేది మన చామంతికి దగ్గర. సీమచింత, సీమవంకాయ లాగా సీమచామంతి అంటే సరిపోతుందేమో. మొత్తానికి ఆకునీరు అందామా?

కరీంనగర్ వాసి:
చామంతి పువ్వు, మాంసి వేరు. ఆకునీరు ఎట్లయితది అన్నా?

బందరు మాస్టారు:
పేరు తర్వాత చూద్దాం, రెండో కాచు దగ్గరికి రండి. రక్షించడం అనగానే నా మనసు పోతన దగ్గరికే వెళ్తుంది. “రావే యీశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా!” కావవే, కాచవే రెండూ ఒకే తూకం, ఏది వేసినా శార్దూలం నడుస్తుంది. అయినా ఆయన కావవే అన్నాడు. వ్యతిరేకంలోకి వెళ్ళేసరికి ఆ చకారం వకారమై మెత్తబడుతుంది. నీళ్ళు కాఁచే కాఁచుకి ఆ మెత్తదనం రాదు. “పాలు కావక” అని ఎవరూ అనరు, “కాచక” అంటారు. అంటే కవలల్ని విడదీయడానికి అరసున్న అక్కర్లేదు, వ్యతిరేకంలో పెట్టి చూస్తే చాలు. అమ్మమ్మగారి మాట నిజంగా “కాచని” అయితే, అక్కడ చకారం నిలిచింది కాబట్టి అది వేడిచేసే కాచే. అంతవరకు రుజువైంది.

నిఘంటువుల నేస్తం:
అది వేడిచేసే కాచే అని ఎవరు కాదన్నారు మాస్టారూ? వేడిచేసిందా లేదా అన్నదే ప్రశ్న.

డల్లాస్ నుంచి:
మాస్టారు ఆ పద్యం ఎత్తగానే కళ్ళు చెమర్చాయి. మా నాన్నగారు నిద్ర పట్టని రాత్రి చీకట్లో పడుకునే “లావొక్కింతయు లేదు” అందుకునేవారు. “తనువున్ డస్సెన్” దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగిపోయేది. చాలాసార్లు “శ్రమంబయ్యెడిన్” మాకు వినపడేది కాదు, ఆలోపే నిద్రపోయేవారు. అలసటకి డస్సు లాంటి మాట మళ్ళీ వినలేదు.

బందరు మాస్టారు:
డస్సు కాదు బాబూ, ధాతువు డయ్యు. భూతకాలంలో డస్సె అవుతుంది. మీ నాన్నగారు ధన్యులు.

కరీంనగర్ వాసి:
శొంఠి లేని కషాయం లేదంటారు. మీ అమ్మమ్మ శొంఠి వేసేదా? వేస్తే కాచినట్టే. శొంఠి కొమ్ము దించిన నీళ్ళలో వేస్తే ఏం దిగుతుంది?

తెనాలి మనవరాలు:
నిన్న రాత్రి రెండు రకాలుగా చేసి చూశానండీ. చిటికెన వేలి గోరంత మాంసి ముక్క, గ్లాసు నీళ్ళు. మొదటిది పొయ్యి మీద సగం అయ్యేదాకా కాచాను. ఇంట్లో వాసన కమ్మేసింది, గ్లాసులో ఎర్రటి చేదు మిగిలింది. రెండోది మరిగిన నీళ్ళలో వేసి పది నిమిషాలు మూత పెట్టాను. రంగు పల్చగా ఉంది కానీ, మూత తీయగానే అదే అమ్మమ్మ గిన్నె. తమ్ముడే గెలిచాడనుకున్నాను.

పొద్దున పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకిప్పుడు 81. “మాంసి కాదే పిచ్చిదానా, వాము. వాము కాచిన నీళ్ళు మాపెల్ల కాచు. రాత్రి కడుపుబ్బరంతో ఏడ్చే పిల్లలకి ఇచ్చేది అమ్మ” అంది. మరి మాంసి నీళ్ళో అంటే, “అవి వేరే గిన్నె, వాటికి మాటేమీ లేదు” అంది. ఇప్పుడేం చేయను?

ఆయుర్వేద విద్యార్థిని:
అక్కా, పెద్దమ్మగారి మాటా మీ మాటా రెండూ నిజం కావచ్చు. నిద్రకి ఇచ్చే మాంస్యాది క్వాథం అని ఒకటుంది. అందులో జటామాంసి, అశ్వగంధ, పారసీక యవాని ఉంటాయి. యవాని అంటే వాము, పారసీక యవాని అంటే ఖురాసాని వాము. మాంసీ వామూ ఒకే గిన్నెలో! పైగా అది క్వాథం, అంటే కాచినదే. నేను మొదట అన్నది వెనక్కి తీసుకోవాల్సి వస్తుందేమో. కానీ దయచేసి ఎవరూ ఇంట్లో చేయకండి. ఖురాసాని వాము మన వాము కాదు, ఉమ్మెత్త కుటుంబానిది, విషం. వైద్యులు కొలిచి ఇవ్వాల్సిందే.

నిఘంటువుల నేస్తం:
పసిపిల్లలకి ఇచ్చారంటే అది మన వామే. దాన్ని కాస్తారు. కాబట్టి కాచిన. తేలిపోయింది.

బందరు మాస్టారు:
ఎలా తేలుతుంది? వాముకి యతి చెడుతుంది. వాకీ మాకీ మైత్రి లేదు. మాంసి అంటేనే పద్యం నిలబడుతుంది.

కరీంనగర్ వాసి:
మీ “నీరము” పెట్టుకుంటేనే గద మాస్టారూ ఆ యతి!

బందరు మాస్టారు:
తెనాలి అమ్మాయీ, ఒక్క సంగతి. పెద్దమ్మగారికి మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, ఆవిడ “మాపెల్ల” అన్నారా, “మాపెల్లా” అని సాగదీశారా, “మాపంతా” అన్నారా, జాగ్రత్తగా విని రాయి తల్లీ. వీలైతే రికార్డు చెయ్యి.