మోకీళ్ళ అరుగుదల ఉన్న అమ్మగారికి ఇంట్లో ఏ వ్యాయామ పరికరం కొనడం మంచిది?

ప్రశ్న: బెజవాడ_వాసి

అందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 64 ఏళ్ళు, ఎత్తు ఐదడుగులు, బరువు 74 కిలోలు. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిందని, కుడి మోకాలిలో అది కాస్త ఎక్కువగా ఉందని ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు గారు చెప్పారు. ఇప్పట్లో ఆపరేషన్ అవసరం లేదనీ, బరువు తగ్గి తొడ కండరాలకు బలం పెంచుకుంటే నొప్పి అదుపులో ఉంటుందనీ ఆయన అన్నారు. అమ్మ ఇంతకాలం తెల్లవారుజామునే బందరు కాలువ వెంట నడిచేవారు. ఈ మధ్య ఎగుడుదిగుడు దారిలో కుడి మోకాలు పట్టు తప్పుతున్నట్టు ఉంటోందని నడక మానేశారు. కదలిక తగ్గేసరికి బరువు పెరుగుతోంది, పొద్దున లేచేటప్పటి బిగుతూ పెరుగుతోంది.

దుకాణంలో నాలుగు రకాలు చూపించారు. ట్రెడ్‌మిల్, రెండు పెడళ్ళ మీద నిలబడి నడిచినట్టు కాళ్ళు కదిపే ఎలిప్టికల్, చేతులు కూడా ఊపుతూ తొక్కే ఎయిర్ బైక్, వెనక్కి ఆనుకుని కూర్చుని కాళ్ళు ముందుకు చాపి తొక్కే రికంబెంట్ సైకిలు. మోకాళ్ళ మీద అసలు భారమే పడదని చెప్పి ఎలిప్టికల్‌నే కొనమంటున్నారు. మేము పాతిక వేల వరకు పెట్టగలం. ఫ్లాట్ చిన్నది కనుక ఒక పరికరానికి మించి చోటు లేదు. అనుభవం ఉన్నవారు, ముఖ్యంగా ఫిజియోథెరపీ తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం: ఫిజియో_విశాఖ

మీరు చెప్పిన నాలుగింటిలో మీ అమ్మగారికి నా సలహా రికంబెంట్ సైకిలే. కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే దుకాణంలో ఎవరు ఏమి చెప్పినా మీరే తేల్చుకోగలరు.

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు కృత్రిమ మోకీలు లోపలే భారాన్ని కొలిచే పరికరాన్ని అమర్చి, ఆపరేషన్ చేయించుకున్నవారి కదలికలను గమనించారు. 2010లో వారు ప్రచురించిన లెక్కల ప్రకారం, మామూలుగా నడిచేటప్పుడు మోకీలు మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు భారం పడుతుంది. కూర్చుని సైకిలు తొక్కేటప్పుడు శరీర బరువులో ఎక్కువ భాగాన్ని సీటే మోస్తుంది కనుక, తక్కువ బిగింపుతో, అంటే పెడల్ తేలికగా తిరిగేలా ఉంచి తొక్కినంత కాలం ఆ భారం ఇంచుమించు శరీర బరువు దగ్గరే ఆగుతుంది. ఎలిప్టికల్ మీద మనిషి నిలబడే ఉంటారు. పాదం పెడల్‌ను వదలదు కాబట్టి నేలను తాకే దెబ్బ ఉండదన్నది నిజమే, కానీ బరువంతా కాళ్ళ మీదే ఉంటుంది. భారమే పడదన్న మాట సరికాదు. పైగా ఇళ్ళకు అమ్మే చవక రకాలలో అడుగు పొడవు చాలా తక్కువగా ఉంటుంది. అందువల్ల పాదం ముందుకు జారడం కన్నా పైకీ కిందకీ కదలడమే ఎక్కువై, మెట్లు ఎక్కుతున్నట్టు తయారవుతుంది. పట్టు తప్పుతున్న మోకాలితో, కదిలే రెండు పెడళ్ళ మీదకు ఎక్కి దిగడం మరో ప్రమాదం.

ట్రెడ్‌మిల్‌ను నేను పూర్తిగా తోసిపుచ్చను. నడక మోకాళ్ళకు శత్రువు కాదు, నొప్పి సర్దుకున్నాక మీ అమ్మగారు తిరిగి నడవాలి కూడా. కానీ బెల్టు తన వేగంతో తాను తిరుగుతుంది, కాలు పట్టు తప్పిన క్షణంలో అది ఆగదు. అందుకే ఇప్పుడు వద్దంటున్నాను.

ఒక్క మాట తప్పక గమనించండి. మోకాలు పట్టు తప్పడానికి చాలాసార్లు తొడ ముందు కండరం బలహీనత కారణమవుతుంది, కొన్నిసార్లు లోపలి మెత్తని పొర చిరగడమో ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు సాగడమో ఉంటుంది. ఈ సంగతి డాక్టరు గారితో చెప్పారో లేదో మీరు రాయలేదు. పరికరం కొనేలోపు చెప్పండి. మోకాలు వంచాక చాపలేకుండా బిగుసుకుపోవడం, వేడిగా వాయడం, పిక్కలో వాపుతో కూడిన నొప్పి కనబడితే వ్యాయామం ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

సమాధానం: కూకట్‌పల్లి_గృహిణి

ఎయిర్ బైక్ గురించి ఎవరూ రాయలేదు కనుక చెబుతున్నాను. మా ఇంట్లో అదే ఉంది, మా అత్తగారూ నేనూ వాడుతున్నాం. వీపు ఆన్చుకునే పలక ఉన్న రకం తీసుకుంటే పెద్దవాళ్ళకు పనికొస్తుంది, ధర కూడా రికంబెంట్ కన్నా తక్కువే. అయితే చవక రకాలలో చక్రానికి రాసుకునే ఒక పట్టీ ద్వారా బిగింపు వస్తుంది. కొన్నాళ్ళకు ఆ పట్టీ అరిగి, బిగింపు ఒకసారి వదులుగా, ఒకసారి పట్టేసినట్టుగా మారుతుంది. పెడల్ పట్టేసిన ప్రతిసారీ మా అత్తగారికి మోకాలి చిప్ప వెనక కలుక్కుమనేది. అయస్కాంతంతో బిగింపు వచ్చే రకాలలో ఈ కుదుపు ఉండదు, చప్పుడూ ఉండదు. మీరు ఏ సైకిలు కొన్నా అయస్కాంతపు బిగింపు ఉన్నదే అడగండి.

అంతకన్నా పెద్ద విషయం ఎత్తు. ఈ సైకిళ్ళలో కొన్నింటి సీటు పూర్తిగా దించినా ఐదడుగుల మనిషికి ఎత్తుగానే ఉంటుంది. అప్పుడు పెడల్ అందుకోవడానికి నడుమును అటూ ఇటూ ఊపుతూ తొక్కాల్సి వస్తుంది, మోకాలితో పాటు నడుము నొప్పీ మొదలవుతుంది. అందుకని ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించకండి. అమ్మగారిని దుకాణానికి తీసుకెళ్ళి, మీరు చెయ్యి పట్టుకోకుండా ఆమె అంతట ఆమె ఎక్కి, కూర్చుని, దిగగలుగుతున్నారేమో చూడండి. చీరతో కాలు పైకెత్తి దాటించాల్సిన ఫ్రేము ఎంత మంచిదైనా వాడకం సాగదు. రికంబెంట్‌లో సీటుకూ పెడళ్ళకూ మధ్య ఫ్రేము కిందుగా ఉంటుంది, పక్క నుంచి కుర్చీలో కూర్చున్నట్టే కూర్చోవచ్చు. నాకు ఆ ఒక్క గుణమే మిగతా అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

సమాధానం: ఓరుగల్లు_మాస్టారు

బాబూ, పాతిక వేలు పెట్టే ముందు, కుర్చీలో కూర్చుని తొక్కే చిన్న పెడల్ పరికరాన్ని కూడా ఒకసారి చూడండి. రెండు పెడళ్ళు, ఒక బిగింపు మర మాత్రమే ఉంటాయి, పని అయ్యాక మంచం కిందకు నెట్టేయవచ్చు. నేను దానితోనే మొదలుపెట్టాను. గ్రానైట్ నేల మీద అది ముందుకు జారిపోతుంది కనుక దాని ముందు భాగాన్ని గోడకు ఆన్చి, అడుగున రబ్బరు చాప వేయాలి. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, బరువైన చెక్క కుర్చీ కావాలి. దానితో బరువు పెద్దగా తగ్గరు, నిజమే. కానీ పొద్దుటి బిగుతు సడలడానికి నాకు అది చక్కగా పనిచేసింది, అమ్మగారు రోజూ తొక్కుతారో లేదో మీకూ ముందే తెలిసిపోతుంది.

ప్రశ్న కొనసాగింపు: బెజవాడ_వాసి

అందరికీ ధన్యవాదాలు. పట్టు తప్పే సంగతి డాక్టరు గారికి చెప్పలేదు, ఈ వారమే తీసుకెళ్తాను. ఆయన సరేనంటే రికంబెంట్ సైకిలు తీసుకుందామని నిశ్చయించుకున్నాం. ఫిజియో గారూ, సీటు ఎలా అమర్చాలి, ఎంతసేపటితో మొదలుపెట్టాలి అన్నది కూడా చెప్పగలరా? నొప్పి వస్తే ఆపేయాలా, ఓర్చుకోవాలా అన్నది అమ్మ సందేహం.

సమాధానం: ఫిజియో_విశాఖ

సీటు సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే మంచి సైకిలు కూడా సీటు దగ్గరైతే మోకాలిని నొప్పిస్తుంది. అమ్మగారిని కూర్చోబెట్టి, ఒక పెడల్‌ను ఆమెకు బాగా దూరంగా ఉండే స్థానానికి తిప్పి, మడమను దాని మీద పెట్టమనండి. అప్పుడు కాలు దాదాపు నిటారుగా చాపుకోవాలి. తరువాత పాదం ముందు భాగాన్ని పెడల్ మీదకు మార్చితే మోకాలు సహజంగానే కొద్దిగా, అంటే 25 నుంచి 35 డిగ్రీల వరకు వంగుతుంది. అదే సరైన దూరం. సీటు ఇంతకన్నా దగ్గరగా ఉంటే ప్రతి చుట్టులోనూ మోకాలు అతిగా మడతపడి, చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. దూరం కుదిరాక సీటును బిగించిన రంధ్రం దగ్గర రంగు టేపు అంటించండి, ఇంట్లో పిల్లలు సీటు జరిపినా ఆమె మళ్ళీ వెతుక్కోనక్కరలేదు.

బిగింపును అతి తక్కువలో ఉంచి, ఐదు నిమిషాల చొప్పున ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మొదలుపెట్టండి. బిగించి నెమ్మదిగా తొక్కడం కన్నా వదులుగా, నిమిషానికి 60 చుట్లకు అటూ ఇటూగా తొక్కడం కీలుకు హాయి. ముందు సమయం పెంచాలి, ఇరవై నిమిషాలు సులువుగా సాగాకే బిగింపు ఒక మెట్టు పెంచాలి. మొదట్లో కుడి మోకాలు పూర్తి చుట్టుకు వంగకపోతే బలవంతం చేయకుండా, పెడల్‌ను ముందుకూ వెనక్కీ అర చుట్టు ఊపినా చాలు.

నొప్పి విషయంలో అమ్మగారికి ఇలా చెప్పండి. తొక్కేటప్పుడు ఓర్చుకోగలిగిన కొద్దిపాటి నొప్పి ఉంటే భయం లేదు, అది కీలు అరిగిపోతున్నదనడానికి గుర్తు కాదు. మర్నాటి ఉదయం మోకాలు ఎప్పటికన్నా ఎక్కువగా నొప్పి పెట్టినా, వాచినా ముందు రోజు చేసింది ఎక్కువైందని అర్థం, ఆ రోజు సగమే చేయాలి. పొడిచినట్టుండే నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆపాలి.

సైకిలు ఒక్కటే తొడ కండరానికి చాలినంత బలం ఇవ్వదు. మంచం అంచున కూర్చుని కాలు నిటారుగా చాపి, ఐదు లెక్కపెట్టే వరకు నిలిపి దించడం, పడుకుని మోకాలు వంచకుండా కాలు జానెడెత్తు లేపడం, దిండు వేసి ఎత్తు చేసిన కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం రోజు విడిచి రోజు చేయించండి. మొదటి రెండూ తేలికయ్యాక చీలమండకు అర కిలో వెయిట్ కఫ్ (బరువు నింపిన పట్టీ) కట్టవచ్చు. బరువు తగ్గడం గురించి కూడా ఆమెను నిరుత్సాహపడనివ్వకండి. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. రెండు కిలోలు తగ్గినా మోకాళ్ళకు ఆ మేరకు ఊరట దొరుకుతుంది.

డాక్టరు గారు చూశాక ఏమన్నారో ఇక్కడే రాయండి. లిగమెంటు సంగతి ఏదైనా తేలితే పైన చెప్పిన వ్యాయామాలలో కొన్ని మార్చాల్సి ఉంటుంది.