రోజూ ఉరుకుతున్న గని టైం తగ్గుతలేదు, ఇంటర్వల్స్ ఎట్ల మొదలుపెట్టాలె?

వడ్డేపల్లి కట్ట:
అందరికి నమస్తే. నాది హన్మకొండ, వయసు 34. పొద్దుగాల ఆఫీసుకు పోకముందు వడ్డేపల్లి చెరువు దిక్కు ఉరుకుత, వారంల ఐదు రోజులు, రోజుకు 6 కిలోమీటర్లు, కిలోమీటరుకు ఆరుంబావు నిమిషాలు పడుతది. 10 కిలోమీటర్లు అయితే గంట. శానా రోజుల సంది గా గంట దగ్గర్నే ఆగిపోయిన, ఒక్క నిమిషం గూడ తగ్గుతలేదు. ఆగస్టుల హైదరాబాద్ మారథాన్‌ల హాఫ్ ఉరకాలని గట్టిగ అనుకుంటున్న. మా హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియంల పోరగాండ్లు 400 మీటర్లు కొట్టి, జర ఆగి, మల్ల కొడుతుంటరు, గదే ఇంటర్వల్స్ అన్నరు. వారంల మూడు రోజులు గట్ల చేస్తే ఫరక్ పడుతదా? ఇంకోటి, స్పీడ్ పెంచినప్పుడల్ల మోకాలి కింద ముందరి బొక్క పొంట సలుపుతది. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

ట్రాక్ అన్న:
తమ్మీ, మూడు రోజులు వద్దే వద్దు, వారానికి ఒక్కటి చాలు. దానికంటే ముందుగాల రోజూ ఉరికే ఉరుకుడు సరి చేసుకో. నీ 10 కిలోమీటర్ల రేస్ స్పీడే కిలోమీటరుకు 6 నిమిషాలు, ప్రాక్టీస్‌ల రోజూ ఆరుంబావుల పోతున్నవ్, అంటే రోజూ రేస్‌కు జర తక్కువ అంతే. గిట్ల చేస్తే పెయ్యికి రెస్ట్ దొరకది, స్పీడ్ రోజు వచ్చేసరికి కాళ్లల్ల సత్తువ ఉండది, అలిసిపోయి ఉంటవ్ కాబట్టి ఆదివారం ఎక్కువ దూరం గూడ పోలేవు, నడిమిట్ల ఇరుక్కపోతవ్. శానామంది గిక్కడ్నే ఆగుతరు. కిలోమీటరుకు 7 నుంచి ఏడున్నరకు దిగు. పక్కన ఉరికేటోనితోని ముచ్చట పెట్టుకుంట పోగలగాలె, రెండు మాటలకే ఆయాసం వస్తుందంటే ఇంకా తగ్గించుడే.

ఇంటర్వల్స్ మంగళారమో బుధారమో పెట్టుకో, ఆదివారం లాంగ్ రన్‌కు ఎడం ఉంటది. 15 నిమిషాలు మెల్లగ ఉరికి, నాలుగు సార్లు ఇరవై ఇరవై సెకన్లు స్పీడ్ పెంచి తగ్గించి, గప్పుడు మొదలుపెట్టాలె. మొదట్ల 400 మీటర్లు ఆరు సార్లు, ఒక్కోటి 2 నిమిషాల 18 సెకన్లకు, నడుమ 200 మీటర్లు జాగింగ్. మొదటి రెండు మస్తు తేలికగ పోతయ్, ఆశపడి 2 నిమిషాలకు కొట్టకు. 2:18 అంటే నువ్వు 5 కిలోమీటర్ల రేస్ ఉరికితే వచ్చే స్పీడ్ లెక్క, మనకు గదే కావాలె. ఆరోది గూడ మొదటిదాని టైంకే రావాలె, నడుమల పది సెకన్లు జారిందంటే ఆ రోజుకు ఆపు. మూడు నాలుగు వారాలైనంక 800 మీటర్లు నాలుగు సార్లు, 4 నిమిషాల 36 సెకన్లకు, నడుమ 400 జాగింగ్. జూన్ జూలైల మాత్రం ఒక వారం ఇంటర్వల్స్, ఒక వారం 20 నిమిషాలు ఆగకుండ 6 నిమిషాల స్పీడ్‌ల ఉరుకుడు, హాఫ్‌కు గిదే ఎక్కువ పనికొస్తది.

కాజీపేట అక్క:
అన్న చెప్పినట్టే చెయ్యి తమ్మీ, గని బొక్క సంగతి తేలేదాక ట్రాక్ మీద స్పీడ్ వద్దు. ఇంట్ల కూసోని బొటనవేలితోని ఆ బొక్క లోపలి అంచు పొంట పైకెల్లి కిందికి నొక్కుకుంట పో. జానెడు పొడుగు అంతట కొద్దిగ నొప్పి ఉంటే, ఎక్కువైన లోడ్‌తోని వచ్చేది, ఉరుకుడు తగ్గించి, పిక్కల ఎక్సర్‌సైజ్ చేస్తే తగ్గుతది. మెట్టు అంచు మీద నిలబడి మడిమెలు పైకి లేపుడు, మెల్లగ దింపుడు, రోజు ఇడిసి రోజు. గట్ల కాకుండ ఒక్కటే జాగల, వేలంత చోట్ల, నొక్కంగనే ప్రాణం పోయినట్టు అయితే, రాత్రిపూట పండుకున్నప్పుడు గూడ సలిపితే, ఉరుకుడు బంద్ పెట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపియ్యి, బొక్కల సన్నటి చీలిక ఉండొచ్చు.

వడ్డేపల్లి కట్ట:
థాంక్స్ అన్నా, అక్కా. నిన్న రాత్రి నొక్కి చూసిన, పొడుగంత కొద్దికొద్దిగ ఉంది, ఒక్క చోట అయితే లేదు. రెండు డౌట్లు. ఏడుంబావుల ఉరికితే ఒక్కోసారి స్పీడ్‌గ నడిచేటోళ్లతోనే ఉన్నట్టు అనిపిస్తది, గంత మెల్లగ ఉరికితే లాభం ఎట్ల వస్తది? మల్ల ట్రాక్ మీద ఒక రౌండ్ కొడితే నా వాచీ 415, 420 మీటర్లు చూపిస్తది, టైం దేంతోని చూసుకోవాలె?

ట్రాక్ అన్న:
లాభం లోపల అయితది తమ్మీ. మెల్లగ ఎక్కువ సేపు ఉరికితే గుండె ఒక్క దెబ్బకు పంపే రక్తం పెరుగుతది, కండరాలల్ల సన్నటి రక్తనాళాలు పెరుగుతయ్, కొవ్వును కరిగించుకోని వాడుకునుడు పెయ్యికి అలవాటైతది. హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు, నీకు రెండు గంటలు దాటుతది, గవన్ని గప్పుడు కావాలె. ఇంకో ముచ్చట, ఊపిరితిత్తులు, గుండె తొందరగ అలవాటు పడుతయ్ గని బొక్కలు, కండరాలను బొక్కకు పట్టి ఉంచే టెండన్లు గట్టిపడాలంటే నెలలు పడుతది. దమ్ముంది కదా అని స్పీడ్ పెంచితే నీ బొక్క గందుకే సలుపుతుంది.

వాచీని ట్రాక్ మీద దూరానికి నమ్మకు, మూల తిరిగేకాడ జీపీఎస్ తప్పుతది. ఒకటో లేన్ రౌండ్ 400 మీటర్లు, రెండోది 407, ఎనిమిదోది 453. లేన్ చూస్కోని ల్యాప్ బటన్ నొక్కు, టైం ఒక్కటే చూడు. జాగింగ్ చేసేటప్పుడు మాత్రం బయటి లేన్లకు జరుగు. 2021 సెప్టెంబర్‌ల ఓపెన్ నేషనల్స్, అంటే దేశం మొత్తం అథ్లెటిక్స్ పోటీలు, గిదే జేఎన్ఎస్ ట్రాక్ మీద అయినయ్, గండ్ల హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లకు కొట్టి, సునీతా రాణి 2002ల పెట్టిన నేషనల్ రికార్డు తిరగరాసింది. రౌండుకు 65 సెకన్ల లెక్క. గంత స్పీడ్‌గ కొట్టాలని పొద్దుగాల వచ్చే పోరగాండ్లకు లోపలి లేన్ ఖాళీ ఉండాలె.

కాజీపేట అక్క:
ఇంకొక్కటి. మే నెలల మన దిక్కు ఎండ తెలుసు కదా, తెల్లారకముందే పో, గప్పుడు గూడ 2:18 పట్టుకొని వేలాడకు, అదే కష్టం అనిపించే స్పీడ్‌ల 2 నిమిషాల 20 సెకన్లు ఉరికి ఆగు, దూరం ఎంతైనా సరే. ఇంటికొచ్చినంక ఓఆర్ఎస్ తాగు. హైదరాబాద్ రూట్ల ఫ్లైఓవర్లు మస్తు ఉంటయ్, కట్ట మీద చదునుగ ఉరికితే గవి తెలుస్తలేవు. బొక్క నొప్పి పూర్తిగ పోయినంక, జూన్‌ల ఒక రోజు ఫాతిమానగర్ బ్రిడ్జికి రా, బండ్లు మొదలుకాకముందే, 45 సెకన్లు ఎక్కుడు, నడుచుకుంట దిగుడు, ఆరు సార్లు. ఆ వారం ట్రాక్ ఇంటర్వల్స్ చెయ్యకు, గిదే దాని బదులు.