దేశ ఆదాయం పెరిగితే వైద్య వ్యయం వాటా ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, కందుకూరు):
నమస్కారమండి. సెమినార్ కోసం దేశాల తలసరి ఆదాయాన్ని, వైద్య వ్యయాన్ని పక్కపక్కన వేసి చూస్తున్నాను. డబ్బున్న దేశం ఎక్కువ ఖర్చు పెడుతుందంటే అర్థమవుతుంది. కానీ స్థూల దేశీయోత్పత్తిలో వాటాగా చూసినా అమెరికా దాదాపు 17 శాతం, జపాన్ సుమారు 11 శాతం పెడుతున్నాయి. మనం 2021-22లో పెట్టింది 3.83 శాతమే. ఆదాయం పెరిగితే తిండి ఖర్చు వాటా తగ్గుతుందని చదివాను. వైద్యానికి అలా ఎందుకు జరగదు?

జవాబు (ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, కావలి):
కడుపు నిండాక ఇంకొక ముద్ద తినలేమమ్మా. వైద్యానికి అలాంటి హద్దు లేదు. కొత్త చికిత్స వచ్చిన కొద్దీ కొత్త ఖర్చు వస్తుంది, వృద్ధుల సంఖ్యా పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది జీతాలు. యంత్రాలతో కర్మాగారంలో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి పెరుగుతుంది, జీతమూ పెరుగుతుంది. నర్సు ఒక రోగి దగ్గర గడపాల్సిన సమయం మాత్రం పెద్దగా తగ్గదు. అయినా ఆమె జీతం పెంచకపోతే ఆ పనికి ఎవరూ రారు. అందుకే అంతే వైద్యానికి ఖర్చు పెరుగుతూ పోతుంది. దీన్ని వివరించినవాడు ఆర్థికవేత్త బామోల్. 13 దేశాల తలసరి వైద్య వ్యయాల్లోని తేడాలో 90 శాతానికి పైగా ఆదాయంతోనే వివరించవచ్చని 1977లో ఆర్థికవేత్త న్యూహౌస్ చూపించాడు. అతని వ్యాసం తప్పక చదువు.

జవాబు (ఫార్మసిస్టు, ఒంగోలు):
మాస్టారు చెప్పింది నిజమే, కానీ అక్కడితో ఆగవద్దు చెల్లీ. అంత ఖర్చు పెట్టే అమెరికాలో సగటు ఆయుర్దాయం జపాన్ కంటే ఐదేళ్లకు పైగా తక్కువ. నీ పట్టికలో ఇంకొక గడి చేర్చు: ఆ ఖర్చులో రోగి జేబు నుంచి పోయేది ఎంత? మన దేశంలో అది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. థాయిలాండ్ సంపన్న దేశమేమీ కాదు. అయినా 2002లో అందరికీ వైద్యం పథకం తెచ్చి రోగి జేబు నుంచి పోయే వాటాను మొత్తం వైద్య వ్యయంలో సుమారు పదో వంతుకు దించింది. మందుల చీటీ తెచ్చి, సగం మందులే ఇవ్వమని అడిగేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. వాళ్లు కొనని మందు ఏ దేశపు లెక్కలోనూ ఖర్చుగా కనిపించదు. మన వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వెళ్లేవాళ్లు పోగొట్టుకునే కూలి డబ్బులూ అంతే.

విద్యార్థిని:
ధన్యవాదాలన్నా. తలసరి వ్యయాన్ని డాలర్లలోనే చూపవచ్చా?

అధ్యాపకుడు:
మామూలు మారకపు రేటుతో వద్దమ్మా. ఇక్కడ డాక్టరు ఫీజు, నర్సు జీతం తక్కువ కాబట్టి మనకు అందే వైద్యం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. కొనుగోలు శక్తి ప్రకారం సవరించిన అంకెలు ప్రపంచ బ్యాంకు పట్టికల్లో ఉంటాయి, అవి తీసుకో. అన్ని దేశాలకూ ఒకే సంవత్సరం ఉండేలా చూసుకో. కోవిడ్ ఏళ్లలో ఆదాయం పడిపోయి వాటా ఒక్కసారిగా పెరిగింది కనుక 2019 తీసుకుంటే మేలు.