ఫిల్టర్ డబ్బా కింది రబ్బరు ముక్కుతో పనేంటి?

దేవరకొండ టిప్పర్:
నా బండి క్వారీకి తిరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ రెండు వారాలకే మూసుకుపోతోంది. మొన్న చూస్తే ఫిల్టర్ డబ్బా అడుగున ఉండే రబ్బరు ముక్కు లేదు. మెకానిక్‌ను అడిగితే "చిరిగింది, పీకేసిన. అది ఉన్నా లేకున్నా ఒకటే" అన్నాడు. నిజమేనా?

నార్కట్‌పల్లి లారీ:
తమ్ముడూ, ముందు కొత్తది వేయించు. లోపలికొచ్చే గాలి ఆ డబ్బాలో సుడి తిరుగుతుంది. బరువైన దుమ్ము గోడలకు తగిలి కిందికి జారుతుంది. అది బయటికి పోయే దారే ఆ ముక్కు. ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు దాని పెదవులు మూసుకుంటాయి, బండి ఆపితే విడిపోతాయి. ముక్కే లేకుంటే టైర్లు లేపిన దుమ్మును ఆ రంధ్రం నేరుగా లాక్కుంటుంది. నేను రోజూ పొద్దున రెండు వేళ్లతో నొక్కుతాను. క్వారీకి పోయొచ్చిన మర్నాడైతే బూడిద రంగు పొడి, మైదాపిండి అంత మెత్తగా, అరచేతిలో రాలుతుంది. అదంతా ఫిల్టర్‌కు పట్టేదే కదా. రబ్బరు గట్టిపడి పెదవులు మూసుకోకపోయినా మార్చాల్సిందే.

పాలమూరు ఎస్‌యూవీ:
ఇంజిన్ కింది గార్డు సంగతీ ఇంతే. ఆయిల్ మార్చడానికి విప్పి, బోల్టులు లేవని మళ్లీ బిగించలేదు. నెల తిరక్కముందే మా ఊరి దారిలో రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలింది. ఆయిల్ లైటు వెలగగానే ఆపాను కాబట్టి ఇంజిన్ దక్కింది. ఇప్పుడు సర్వీసు అయ్యాక వంగి చూడనిదే బండి తీయను.

అచ్చంపేట:
మన్ననూరు దాటాక ఘాట్‌లో నా బండి వేడెక్కేది. థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వనిది) తీసేస్తే చల్లగా ఉంటుందన్నారు, తీయించాను. ఇంజిన్ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగింది, ఘాట్‌లో వేడెక్కడం మాత్రం తగ్గలేదు. చివరికి చూస్తే రేడియేటర్ మూత రబ్బరు పగిలింది. ఆ మూత సుమారు 1 బార్ ప్రెషర్ ఆపుతుంది, అందుకే నీళ్లు 100 డిగ్రీలకే మరగవు. మూత మార్చి, వాల్వు మళ్లీ వేయించాను. వాల్వు పీకేయమని ఎవరన్నా ఒప్పుకోకండి.

మిర్యాలగూడ మెకానిక్:
డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు తీసే స్క్రూను కూడా మరవకండి. నీళ్లు డీజిల్ కంటే బరువు, కిందికే చేరతాయి. కామన్ రైల్ ఇంజిన్లలో (ఒకే పైపు నుంచి అన్ని నాజిల్స్‌కూ డీజిల్ పోయేవి) డీజిల్ ప్రెషర్ 1,600 బార్ దాకా, కొన్నింట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ డీజిల్‌లో నీళ్లు కలిస్తే పంపు, నాజిల్స్ తుప్పు పట్టి పోతాయి.

దేవరకొండ టిప్పర్:
అన్నా, ముక్కు వేయించాను. కానీ ఫిల్టర్ నుంచి టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాన్) పోయే గొట్టం లోపల వేలు పెడితే దుమ్ము అంటింది.

నార్కట్‌పల్లి లారీ:
ఫిల్టర్ దాటాక దుమ్ము ఉండకూడదు తమ్ముడూ. ఫిల్టర్ అంచు రబ్బరు, డబ్బా క్లిప్పులు, గొట్టం చీలికలు అన్నీ చూపించు. టర్బో షాఫ్ట్ ఆడుతోందేమో, రెక్కలు అరిగాయేమో కూడా చూడమను. అప్పటిదాకా క్వారీకి పంపకు.